ప్రభుత్వ కాలనీ ఇంట్లో ఆరని చెమ్మ, పిల్లవాడికి ఆయాసం: అద్దెకుండేవాళ్లం ఎవరిని అడగాలి?

సింగ్‌నగర్ అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ వైపున్న ఒక ప్రభుత్వ కాలనీలో, జీ ప్లస్ 3 బ్లాకులో, కింది అంతస్తు ఇంట్లో మూడేళ్లుగా అద్దెకుంటున్నాము. ఇల్లు మంజూరైనవారు వేరే ఊళ్లో ఉంటారు. నెలనెలా వచ్చి 4,500 రూపాయలు తీసుకువెళ్తారు. మావారు ఆటోనగర్‌లో లేత్ పని చేస్తారు, నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. మాకు ఇద్దరు పిల్లలు.

2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు నీళ్లు మా కిటికీ చువ్వల దాకా వచ్చాయి. నీరు తీసిన తరువాత ఫైరింజన్లతో వీధులూ ఇళ్లూ కడిగారు. కింది అంతస్తు ఇళ్లకు 25,000 రూపాయలు, పై అంతస్తులకు 10,000 రూపాయలు ప్రభుత్వం సాయం ఇచ్చింది. ఇంటివారు ఒక పూత సున్నం వేయించారు. ముందు గది గోడలు వేసవి నాటికి ఆరిపోయాయి కానీ, బాత్‌రూమ్‌ను ఆనుకుని ఉన్న పడకగది గోడ ఇప్పటికీ ఆరలేదు. మొన్న బీరువా జరిపి చూస్తే వెనుక మనిషి ఎత్తున నల్లటి బూజు కనిపించింది. వేలితో రాస్తే మసిలాగా అంటుకుంది. అదే గోడకున్న మేకుకు చిన్నవాడి స్కూలు సంచి తగిలిస్తాము. సంచి పట్టీల మీద తెల్లటి చుక్కలు పడుతున్నాయి, ఉతికినా వారం తిరిగేసరికి మళ్లీ వస్తున్నాయి.

చిన్నవాడికి ఐదేళ్లు. దసరా సెలవుల నుంచి రాత్రి రెండు, మూడు గంటల వేళ దగ్గుతో లేచి కూర్చుంటున్నాడు, ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి. రెండుసార్లు నెబ్యులైజర్ పెట్టించాము. మూడోసారి వెళ్లినప్పుడు డాక్టరుగారు మందులు రాయకముందే ఇంట్లో చెమ్మ ఉందా అని అడిగారు. ఉందని చెప్తే, వీలైతే ఇల్లు మారమన్నారు. ఇదే పేటలో ప్రైవేటు ఇల్లు 8,000కు తక్కువ లేదు.

ఆ గోడ వల్లనే పిల్లవాడికి ఇలా అవుతున్నదని ఎలా తెలుసుకోవాలి? చెమ్మ వరద నీటిదా, మరెక్కడినుంచైనా వస్తున్నదా? ఈ రెండూ తెలిసినా బాగుచేయవలసినది ఎవరు? ఇంటివారు మేము తలుపులు మూసుకుని వండడం వల్ల వస్తున్నదంటున్నారు. పై అంతస్తువారు తమ బాత్‌రూమ్ బాగానే ఉందంటున్నారు. హౌసింగ్ ఆఫీసుకు వెళ్తే ఇళ్లు ఎప్పుడో అప్పగించేశామని, లోపలి మరమ్మతులు లబ్ధిదారులవేనని చెప్పి పంపించారు. గట్టిగా అడిగితే ఈ ఇంట్లో అద్దెకెలా ఉన్నారనే ప్రశ్న వస్తుందేమోనని మాకు భయం.

పాత డాక్టరు, గుంటూరు

అమ్మా, నేను పట్టణ ఆరోగ్య కేంద్రంలో చాలా ఏళ్లు పనిచేసి విరమించినవాణ్ణి. బిడ్డను చూడకుండా వైద్యం చెప్పకూడదు కనుక మీ మొదటి ప్రశ్నకు మాత్రమే సమాధానం ఇస్తాను.

ఆయాసానికి గోడ ఒక్కటే కారణమని ఎవరూ రాసి ఇవ్వలేరు. ఆ వయసులో జలుబు వైరస్‌లు, పొగ, ధూళి, వంశంలో ఉబ్బసం ఉండడం, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. కానీ చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో పిల్లలకు దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువగా వస్తాయన్నది గట్టిగా తేలిన విషయమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెమ్మ, బూజు మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించి, ఇంత బూజు దాకా ఫరవాలేదని చెప్పగల హద్దు ఏదీ లేదని, చెమ్మనే తొలగించాలని చెప్పింది. అందుచేత వేలు పోసి బూజు ఏ రకమో పరీక్ష చేయించుకోనక్కర్లేదు. కంటికి కనిపించడం, ముక్కుకు ముక్కవాసన తగలడం చాలు. బూజు విడిచే కణాలు గాలిలో తేలి ఊపిరితో లోపలికి పోతాయి. దానికి తోడు, పరుపుల్లో ఉండే కంటికి కనపడని ధూళి పురుగులు నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతాయి. అందుకే గోడ తడిగా ఉన్న గదిలో పరుపు కూడా ఒక కారణమవుతుంది.

ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటి ఉన్నది. పిల్లవాణ్ణి వారం, పది రోజులు అమ్మమ్మగారి ఊరికో మరెక్కడికైనా తీసుకువెళ్లి, రాత్రి ఎన్నిసార్లు లేచాడో నోటుపుస్తకంలో తేదీ వేసి రాయండి, తిరిగి వచ్చాక కూడా పది రోజులు అలాగే రాయండి. అక్కడ తగ్గి ఇక్కడ తిరగబెడితే, ఆ కాగితం మీ డాక్టరుగారికి ఏ ఎక్స్‌రే కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇక చేయకూడనివి. బూజును పొడి చీపురుతో దులపకండి, గదంతా లేస్తుంది. మూతికి గుడ్డ కట్టుకుని, పిల్లల్ని బయటికి పంపి, సబ్బునీళ్ల తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారవేయండి. తడి గోడ మీద రంగు వేస్తే రెండు నెలల్లో పొక్కులు లేస్తుంది. దోమల చుట్ట వెలిగించి తలుపులు మూయకండి, ఆ పొగ ఈ పిల్లవాడికి బూజుతో సమానమైన శత్రువు. ఇన్‌హేలర్ ఇస్తే అలవాటు పడిపోతాడని చుట్టుపక్కలవాళ్లు చెప్పే మాట నమ్మి మానిపించకండి. నా ఉద్యోగంలో నేను అత్యధికంగా వాదించింది ఈ ఒక్క మాటతోనే.

హౌసింగ్‌లో పనిచేసిన ఇంజినీరు

రెండో ప్రశ్న నాకు వదిలేయండి. ఇలాంటి బ్లాకులు కొన్నింటికి కొలతల పుస్తకం (జరిగిన పనిని కొలిచి నమోదు చేసేది) రాసినవాణ్ణి కనుక, తప్పులు ఎక్కడ ఉంటాయో కొంత తెలుసు.

గోడలో తడి మూడు దారుల్లో వస్తుంది. భూమిలోంచి పునాది ద్వారా పైకి పాకేది ఒకటి. ఇది సాధారణంగా అడుగున రెండు, మూడు అడుగుల మేరకే ఉండి, పైన తెల్లటి ఉప్పు గీత వదిలి, ప్లాస్టరింగ్‌ను పెచ్చులుగా రాలుస్తుంది. పైపులనుంచి, పై అంతస్తు బాత్‌రూమ్‌లనుంచి దిగేది రెండోది. గదిలోని ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరుగా మారేది మూడోది. మీరు మనిషి ఎత్తున అన్నారు, అదీ బాత్‌రూమ్ పక్క గోడ ఒక్కటే అన్నారు. వరద నీరైతే ముందు గది కూడా తడిగానే ఉండాలి కదా. నాకు రెండోదాని మీదే అనుమానం.

అనుమానం తీర్చుకోవడానికి పది రూపాయలు చాలు. వంటింటి అల్యూమినియం రేకు గానీ మందపాటి పాలిథిన్ ముక్క గానీ అడుగు చదరాన కత్తిరించి, గోడ తుడిచి, నాలుగు అంచులా గాలి దూరకుండా టేపు వేసి రెండు రోజులు ఉంచండి. విప్పినప్పుడు గోడవైపు తడి ఉంటే నీరు గోడలోంచి వస్తున్నట్టు. గదివైపు తడి ఉండి వెనుక పొడిగా ఉంటే అది గదిలోని ఆవిరి, అప్పుడు మీ ఇంటివారి మాటలో నిజం ఉన్నట్టు. అడుగున ఒకటి, నాలుగు అడుగుల ఎత్తున ఒకటి, ముందు గదిలో ఒకటి అంటించి పోల్చండి.

గోడవైపు తడి వస్తే నీలిమందు తెచ్చుకోండి, తెల్లబట్టలకు పెట్టేదే. ఒక్కొక్క రోజు ఒక్కొక్క అంతస్తు బాత్‌రూమ్ జాలీలో కలిపి పోయించి, మీ వెనుక డక్టులో, అంటే అన్ని అంతస్తుల పైపులూ దిగే సందులో, ఏ రోజు నీలం కనిపిస్తుందో చూడండి. ఈ బ్లాకుల్లో బాత్‌రూమ్ స్లాబును కిందికి దించి, ఆ గుంటలో ఇటుక ముక్కలు నింపి, పైన గచ్చు చేస్తారు. నహానీ ట్రాప్ (నేల జాలీ కింద నీరు దిగే గిన్నె) దగ్గర వాటర్‌ప్రూఫింగ్ సరిగా లేకపోతే ఆ గుంట చిన్న చెరువులా నిండి ఉంటుంది, పైన ఉన్నవారికి తమ గచ్చు పొడిగానే కనిపిస్తుంది. అందువల్ల పై అంతస్తువారు అబద్ధమాడుతున్నారని అనుకోకండి.

మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. డ్రాయింగులో డక్టు మనిషి నిలబడేంత ఉంటుంది. కట్టేటప్పుడు గోడ మందం, పైపులు, ప్లాస్టరింగ్ అన్నీ దాన్ని తినేసి, చివరికి చేయి మాత్రమే పట్టే సందు మిగులుతుంది. చాలాచోట్ల దానికి తలుపు కూడా పెట్టము. పైపు పగిలినా ప్లంబరు లోపలికి దిగలేడు.

కిటికీ సంగతి కూడా చూడండి. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం మనలాంటి వేడి, ఉక్క కలిసిన ప్రాంతంలో గది నేల వైశాల్యంలో ఆరోవంతు తెరుచుకునే భాగం ఉండాలి. 100 చదరపు అడుగుల గదికి దాదాపు 17 చదరపు అడుగులు. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు కిటికీ పెట్టి సరిపోయిందని మేము లెక్క రాస్తాము, కానీ జరిపే రెక్కల కిటికీలో ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది కనుక మీకు అందేది ఎనిమిది చదరపు అడుగులే. ఆ ఎనిమిదీ సాయంత్రం ఆరుకు దోమల భయంతో మూసేస్తారు.

ముక్కుసూటి

నా మాట కటువుగా ఉంటే క్షమించండి. ఈ ఇళ్లు లేనివారికని ప్రభుత్వం ఇచ్చినవి. తీసుకున్నవారు అద్దెలకిచ్చి వేరేచోట ఉంటున్నారు. 300 చదరపు అడుగుల ఇంట్లో ఆరుగురు, ఏడుగురు ఉండి, తడిబట్టలు లోపలే ఆరేసి, వంట, కుట్టుమిషన్, దోమల చుట్ట అన్నీ ఒక గదిలోనే పెట్టుకుని గోడను నిందిస్తే ఎలా? కాలువ గట్ల మీద గుడిసెల్లో ఉన్నప్పుడు ఈ జబ్బులు లేవా? ముందు అసలైన లబ్ధిదారులు వచ్చి వాళ్ల ఇళ్లలో ఉంటే సగం మరమ్మతులు వాళ్లే చేసుకుంటారు.

పాత డాక్టరు, గుంటూరు

ముక్కుసూటి గారూ, ఇరుకు కూడా ఇంటి దోషమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇళ్లు, ఆరోగ్యం గురించి వెలువరించిన మార్గదర్శకాల్లో ఇరుకును, వేడిని, చలిని, ఇంట్లో ప్రమాదాలను, వికలాంగులకు వీలు లేకపోవడాన్ని వరుసగా చర్చించింది. ఇరుకును అక్కడ ఉండేవారి అలవాటుగా కాక ఇంటి స్థితిగానే లెక్కించింది. తడిబట్టలు లోపల ఆరేయకూడదన్న మీ మాట సరైనదే. అయితే కింది అంతస్తులో పెరడు లేదు, మేడ మీద తీగ కట్టడానికి పై అంతస్తువారు ఒప్పుకోరు. ఆమె ఎక్కడ ఆరేయాలో మీరే చెప్పండి.

గట్ల మీద ఉన్నప్పుడు జబ్బులు లేవా అంటే, ఉన్నాయి. అందుకే కదా మార్చింది. మార్చిన తరువాత కొత్తరకం జబ్బు రాకూడదు కదా. ముంబయి గోవండీలో మురికివాడలనుంచి తరలించినవారి కోసం కట్టిన కాలనీల్లో, బ్లాకుల మధ్య ఎడం మరీ తక్కువై కింది అంతస్తుల్లోకి వెలుతురు, గాలి రాక, క్షయ ఎక్కువగా కనిపిస్తున్నదని 2018లో వైద్య స్వచ్ఛంద సంస్థ ఒకటి చేసిన అధ్యయనం చెప్పింది. పక్కా ఇల్లు దానంతటదే ఆరోగ్యం కాదు.

వార్డు ఏఎన్‌ఎం

క్షయ మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. అక్కా, మీ ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే తెమడ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, బద్ధకించకండి. జబ్బు తేలితే మందులూ ఉచితమే, పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఇది 2024 నవంబరుకు ముందు 500 ఉండేది.

నేను తిరిగే బ్లాకుల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది డ్రమ్ములు. నీళ్లు పొద్దున్న కాసేపే వస్తాయి కనుక ప్రతి ఇంటి గుమ్మంలో నీలం డ్రమ్ము ఉంటుంది. డెంగీ దోమకు మురికి నీరు అక్కర్లేదు, ఈ మంచినీళ్లే కావాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే శుక్రవారం డ్రై డే అని మేము డ్రమ్ములు వంచమంటాము. వంచితే చాలదు. గుడ్లు నీటిలో కాక, నీటి అంచున డ్రమ్ము గోడకు అంటుకుని, తడి లేకపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. పీచు పెట్టి లోపలి గోడ తోమాలి.

మీ వెనుక డక్టులో మురుగు కారుతున్నదని తేలితే, అదే సందులో మంచినీటి పైపు కూడా ఉన్నదేమో చూడండి. సరఫరా ఆగిన వేళ పైపులో ఒత్తిడి పోయి, బయటి మురుగును చీలికల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో, ఆనందపేట వైపు, అతిసారంతో ప్రాణాలు పోయినప్పుడు కూడా తాగునీటిలో మురుగు కలవడం గురించే ఊరంతా మాట్లాడుకున్నది. మాకు ఫోన్ చేస్తే కొళాయి నీళ్లకు క్లోరిన్ పరీక్ష చేస్తాము. కొస కొళాయి దగ్గర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి.

జక్కంపూడి మూడో అంతస్తు

కింది అంతస్తువారి బాధ చెమ్మ అయితే మాది ఎండ. మా నెత్తిన ఉన్నది స్లాబు ఒక్కటే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా ఇంట్లో రాత్రి పన్నెండు గంటలకు గోడకు వీపు ఆనిస్తే, అప్పుడే దించిన పెనానికి ఆనించినట్టు ఉంటుంది. కాంక్రీటు పగలంతా తాగిన వేడిని సాయంత్రం నుంచి లోపలికి వదులుతుందట. మావారు రాత్రిపూట వాచ్‌మన్. పగలు నిద్రపోవాలి. మే నెలలో ఆయన తడి తువ్వాలు కప్పుకుని, నేల మీద నీళ్లు చల్లుకుని పడుకుంటారు. నాలుగు గంటలు కూడా నిద్ర పట్టదు, డ్యూటీలో తల తిరుగుతుందంటారు.

మామగారికి మోకాళ్ల నొప్పులు. లిఫ్టు లేదు. మెట్లు దిగితే ఎక్కలేనని ఆయన రెండు నెలలుగా కిందికి దిగలేదు. బీపీ మాత్రలు అయిపోయిన సంగతి కూడా మాకు చెప్పలేదు, చెబితే నేను పని మానుకుని తేవలసి వస్తుందని. ఒకరోజు కళ్లు తిరిగి పడితే తెలిసింది.

నిరుడు మార్చిలో ఆరు ఇళ్లవాళ్లం చందా వేసుకుని మేడ మీద సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేయించాము. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చిందని విని ఆ ధైర్యం చేశాము. థర్మామీటరు పెట్టి కొలవలేదు కానీ ఫ్యాను కింద కూర్చోగలుగుతున్నాము. వర్షాకాలానికి సగం కొట్టుకుపోయింది. ప్రతి ఏడూ వేయాలి. ఈసారి ఇద్దరు ఇల్లు ఖాళీ చేశారు, కొత్తగా వచ్చినవాళ్లు ఎన్నాళ్లుంటామో తెలియని ఇంటికి మేమెందుకు చందా ఇవ్వాలంటున్నారు. వాళ్ల మాటా కాదనలేము.

మాంచెస్టర్ దగ్గర నర్సు (సొంతూరు తెనాలి)

నేను పనిచేసే ఆసుపత్రిలో కూడా ఇలాంటి పిల్లలు వస్తారు, కాకపోతే ఇక్కడ శత్రువు చలి. హీటరుకు డబ్బు చాలక ఇల్లు చల్లబడితే గోడల మీద ఆవిరి దిగి బూజు పడుతుంది. ఇక్కడికి దగ్గరలో రాచ్‌డేల్ అనే ఊళ్లో సామాజిక గృహంలో (తక్కువ అద్దెకు ఒక సంస్థ ఇచ్చే ఇంట్లో) ఉండే అవాబ్ అనే రెండేళ్ల బాబు 2020 డిసెంబరులో చనిపోయాడు. ఇంట్లో బూజుకు చాలాకాలం గురి కావడం వల్ల వచ్చిన తీవ్రమైన శ్వాస సమస్యే కారణమని 2022 నవంబరులో మరణ కారణాలు విచారించే అధికారి (కరోనర్) తేల్చారు. తండ్రి ఎన్నిసార్లు ఫిర్యాదు చేసినా, మీ జీవన విధానం వల్లే బూజు వస్తున్నదన్న ధోరణిలోనే వ్యవహరించారని విచారణలో బయటపడింది. మీ ఇంటివారు తలుపులు మూసి వండుతారు అన్న మాట చదవగానే నాకు అదే గుర్తుకు వచ్చింది.

ఆ బాబు పేరు మీదనే ఇంగ్లండులో అవాబ్ చట్టం వచ్చింది. 2023 నాటి సామాజిక గృహాల నియంత్రణ చట్టంలో భాగమైన ఆ నిబంధనలు 2025 అక్టోబరు 27 నుంచి అమలులోకి వచ్చాయి. ప్రాణాపాయం ఉంటే 24 గంటల్లో స్పందించాలి. ప్రమాదకరమైన చెమ్మ, బూజు అయితే 10 పనిదినాల్లో వచ్చి పరిశీలించాలి, పరిశీలన ముగిసిన 3 పనిదినాల్లో ఏమి తేలిందో అద్దెదారుకు రాసి ఇవ్వాలి, ముప్పు ఉన్నట్టు తేలితే 5 పనిదినాల్లో దాన్ని తొలగించాలి. గడువులోగా చేయలేకపోతే వేరే బస చూపాలి. ఇక్కడ ఇల్లు ఇచ్చిన సంస్థే యజమానిగా ఉండి అద్దె తీసుకుంటుంది కనుక గడువు ఎవరి మీద పెట్టాలో తెలుసు. మన దగ్గర ఇల్లు ఒకరి పేరున, అద్దె ఇంకొకరి జేబున, డక్టు ఎవరికీ కాకుండా ఉన్నది. అందుకని ఈ చట్టాన్ని అలాగే అక్కడ పెట్టమని నేను అనడం లేదు. పరిశీలించి కాగితం మీద రాసి ఇవ్వడం అన్న ఒక్క పద్ధతి మాత్రం ఏ దేశంలోనైనా అడగవచ్చు.

సూర్యారావుపేట వకీలు

మూడో ప్రశ్నకు వస్తాను. 1995 డిసెంబరులో చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, నివాస హక్కు అంటే నెత్తిన కప్పు మాత్రమే కాదని, సరిపడా చోటు, భద్రమైన కట్టడం, వెలుతురు, స్వచ్ఛమైన గాలి, నీరు, పారిశుద్ధ్యం కూడా అందులో భాగమేనని చెప్పింది. ఆ మాట గొప్పదే కానీ, దాన్ని పట్టుకుని మీరు రేపు ఉదయం ప్లంబరును తెచ్చుకోలేరు.

పనికివచ్చేది వేరే ఉన్నది. ఫిర్యాదును మా గోడ తడిసింది అని రాస్తే, అది లోపలి మరమ్మతు అని తిప్పి పంపుతారు. డక్టు అనేది ఏ ఒక్కరి ఇంటి లోపలిదీ కాదు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ఉమ్మడి భాగాలను, వాటిని చూసుకునే యజమానుల సంఘాన్ని వేరుగా గుర్తించింది. ప్రభుత్వ బ్లాకుల్లో చాలావరకు ఆ సంఘమే ఏర్పడదు, ఏర్పడినా అద్దెదారులకు అందులో గొంతు ఉండదు, అసలు చిక్కు అక్కడే ఉన్నది. అందుచేత మీరు ఉమ్మడి డక్టులో మురుగు కారుతున్నదని, పిల్లలకు జబ్బులు వస్తున్నాయని, తాగునీరు కలుషితమయ్యే ప్రమాదం ఉన్నదని ఆరోగ్య, పారిశుద్ధ్య సమస్యగా రాయండి. అటువంటి ఫిర్యాదు చేసేవారు ఇంటి యజమానే కానక్కర్లేదు, అక్కడ నివసిస్తే చాలు. ఒక్కరు కాకుండా బ్లాకులో కనీసం పదిమంది, వారిలో సొంతదారులు ఇద్దరు, ముగ్గురైనా ఉండేలా సంతకాలు పెట్టించండి. అప్పుడు అద్దె ప్రశ్న మీ ఒక్కరి మెడకు చుట్టుకోదు. ముందు వార్డు సచివాలయంలో ఇచ్చి, వారంలో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. నంబరు లేని రసీదు తీసుకోకండి.

సింగ్‌నగర్ అమ్మ (నాలుగు వారాల తరువాత)

అందరికీ ధన్యవాదాలు. చెప్పినవన్నీ వరుసగా చేశాను, ఏమయిందో రాస్తున్నాను.

రేకులు మూడు అంటించాను. ముందు గదిలోది రెండువైపులా పొడిగా ఉంది. పడకగదిలో అడుగున అంటించినది విప్పితే వెనుక కొద్దిగా చెమ్మ, నాలుగడుగుల ఎత్తున ఉన్నదాని వెనుక నీటిబొట్లు వరుసకట్టి ఉన్నాయి, విప్పగానే ఒకటి గోడ మీదుగా జారింది. ఇంటివారికి వీడియో తీసి పంపాను. ఆ రోజు నుంచి వంట మాట ఎత్తలేదు.

నీలిమందు పోయడానికి పై అంతస్తులవాళ్లను ఒప్పించడం కష్టమయింది. మొదటి అంతస్తు అక్క సరే అంది. ఆవిడ పోసిన రోజు ఏమీ కనిపించలేదు. రెండో అంతస్తులో కొత్తగా వచ్చిన కుర్రాళ్లు నవ్వారు కానీ పోశారు. రెండు గంటల తరువాత మా వెనుక కిటికీలోంచి టార్చి వేసి చూస్తే, మొదటి అంతస్తు మట్టంలో పైపు అతుకు కిందుగా గోడ మీద నీలం చార సన్నగా దిగుతున్నది. అంటే మొదటి అంతస్తు అక్క గోడ కూడా తడుస్తూనే ఉన్నది, ఆవిడ అక్కడ షెల్ఫు పెట్టుకోవడం వల్ల ఇన్నాళ్లూ చూడలేదు. ఆవిడ కూతురికి కూడా దగ్గు ఉన్నదట, పొగమంచు వల్ల అనుకున్నారు.

చిన్నవాణ్ణి సంక్రాంతికి మా అమ్మగారి ఊరు తీసుకువెళ్లాను. అక్కడ తొమ్మిది రాత్రుల్లో ఒక్కసారి లేచాడు. వచ్చిన తరువాత తొమ్మిది రాత్రుల్లో ఐదుసార్లు లేచాడు. డాక్టరుగారు ఆ పుస్తకం తీసుకుని ఫోటో తీసుకున్నారు. ఇన్‌హేలర్‌కు గొట్టం తగిలించి వాడడం చూపించారు. ఇప్పుడు ముందు గదిలో పడుకోబెడుతున్నాము, మిషన్ పడకగదిలోకి మార్చాను.

పద్నాలుగు సంతకాలతో అర్జీ ఇచ్చాము. సచివాలయంనుంచి ఒకరు వచ్చి చూసి, రాసుకుని వెళ్లారు. రాసుకున్నది మాకు ఇమ్మంటే పై అధికారిని అడగాలన్నారు. ఏఎన్‌ఎం గారు మా బ్లాకు కొళాయి నీళ్లు పరీక్షించారు, క్లోరిన్ సరిగానే ఉన్నది. డక్టు పని కోసం ఆగలేక మొదటి అంతస్తు అక్క, రెండో అంతస్తు కుర్రాళ్లు, మేము కలిసి 2,700 రూపాయలకు ప్లంబరును పెట్టుకున్నాము. ఆయన దిగలేక, మొదటి అంతస్తు బాత్‌రూమ్ గోడకు అడుగు చదరపు కన్నం చేసి, చేయి పెట్టి అతుకు మార్చారు. ఆ కన్నానికి ఇప్పుడు ఒక చిన్న రేకు తలుపు ఉన్నది. మా వంతు 900 ఇంటివారు అద్దెలో తగ్గించుకోమన్నారు. కుర్రాళ్ల ఇంటివారు ఫోనే ఎత్తలేదు.

గోడ ఇంకా తడిగానే ఉంది. ఇంజినీరు గారూ, సున్నం ఎప్పుడు వేయించమంటారు?

హౌసింగ్‌లో పనిచేసిన ఇంజినీరు

అమ్మా, ఆ రేకు తలుపు మేము ఎప్పుడో పెట్టవలసినది.

ఇప్పుడే సున్నం వద్దు. ముందు ఆ అతుకు దగ్గర మరొక్కసారి నీలం పోయించి, కారడం పూర్తిగా ఆగిందో లేదో చూడండి. ఆగితే, పడకగది వైపు ఉబ్బిన ప్లాస్టరింగ్‌ను తడిపి, పొడి లేవకుండా, ఇటుక కనిపించేదాకా కొట్టించండి. ఆ పని జరిగే రోజు, తరువాతి రెండు రోజులు చిన్నవాడు ఇంట్లో ఉండకూడదు. గోడను అలాగే వదిలి, పగలు కిటికీ తెరిచి, ఫ్యాను వేసి ఉంచండి. నాలుగు అంగుళాల గోడ ఆరడానికి నాలుగు నెలలైనా పడుతుంది, మనకు ఎండలు వస్తున్నాయి కనుక కాస్త ముందే ఆరవచ్చు. నెలకొకసారి రేకు అంటించి చూడండి. వెనుక పొడిగా వచ్చిన తరువాత ప్లాస్టరింగ్, అది ఆరిన తరువాత సున్నం. బీరువాను గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా పెట్టండి. సంచి మేకు ముందు గదికి మార్చండి.